నేవీలో చేసిన నాయన సంవత్సరీకానికి పుస్తకం: ఏం రాయాలి, ఎక్కడ వెతకాలి

మీ ప్రశ్న ఇదీ: నాయన దేవరకొండ దగ్గరి ఊరి నుంచి 1960ల చివర్లో నేవీలో చేరారు. పదిహేనేండ్లు చేసి పెట్టీ ఆఫీసర్‌గా బయటికొచ్చారు. తర్వాత బ్యాంకులో గార్డు ఉద్యోగం చేస్తూ ఊరి పనులన్నీ మీదేసుకున్నారు. రెండు నెలల్లో సంవత్సరీకం. ఆ రోజు పంచడానికి చిన్న పుస్తకం, ఒక ఫ్లెక్సీ, సభలో చదవడానికి నాలుగు మాటలు కావాలి. నేవీ సంగతి ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

నేవీతో కాదు, ఊరితో మొదలుపెట్టండి. నేవీ సంగతులకు కాగితాలున్నాయి, ఇవాళ కాకపోతే ఆర్నెల్లకైనా దొరుకుతాయి. ఊర్లో ఆయన చేసినవాటికి కాగితం లేదు. అవి ఆయన ఈడువాళ్ల నోట్లోనే ఉన్నాయి, వాళ్లందరూ ఇప్పుడు ముసలివాళ్లు. ఉన్న రెండు నెలల్లో మొదటి నెల వాళ్లకే పెట్టండి.

"మా నాయన ఎట్లాంటి మనిషి?" అని అడిగితే అందరూ ఒకటే చెప్తారు: మంచి మనిషి, దేవుడసొంటోడు. అది ఎవరి పుస్తకంలోనైనా పెట్టొచ్చు, కాబట్టి మీకు పనికిరాదు. పనిని పట్టుకుని అడగండి. మీ వైపు ఊర్లలో నీళ్ల కోసం తిరిగారంటే అది చాలావరకు ఫ్లోరైడ్ పనే అయి ఉంటుంది. ఏ బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు తీసుకపోయారు, ఎవరు వెంట పోయారు, ఎంత వచ్చింది? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని మన ప్రమాణం, దాన్ని బట్టి ఆ అంకె అర్థమవుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను మడ్డితోపాటు అడుగుకు దింపే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. ఆయన అది ఇంటింటికీ నేర్పి ఉంటే, ఏ ఇండ్లలో చేశారో, బిందెకు ఎంత పటిక వేయమన్నారో చేసిన ఆడవాళ్లనే అడగండి. ఎందుకు మానేశారో కూడా అడగండి. రోజూ కలపాలి, తేరే దాకా ఆగాలి, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. అందుకే చాలాచోట్ల ఆగిపోయింది. ఆగిపోయిందని రాస్తే మీ నాయనకు ఏ చిన్నతనమూ లేదు, ఆ పని ఎంత కష్టమో చదివేవాళ్లకు తెలుస్తుంది.

తేదీలు ఎవరూ చెప్పలేరు. ఊరంతా యాది పెట్టుకున్న సంఘటన పక్కన పెట్టి అడిగితే చెప్తారు. ఎన్టీఆర్ గెలిచినంక (1983)? మండలాలు వచ్చినప్పుడా (1985)? కృష్ణా పుష్కరాల ముందా, తర్వాతా (1992, 2004, 2016)? పుష్కరాల మాట ఎట్లాగూ ఎత్తాలి. ఈతొచ్చిన నేవీ మనిషిని ఘాట్ల దగ్గర కాపలాకు పిలిచి ఉండొచ్చు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, కృష్ణా పొంగి రాజోలి, అలంపూర్ మునిగినప్పుడు మీ ఊరి నుంచి బియ్యం, బట్టలు పోయాయా, వెంట ఎవరు పోయారు? ఇట్లా అడిగితే ఒకరి మాటకు ఇంకొకరి మాట తోడై ఏడాది తేలుతుంది. ఇద్దరు విడివిడిగా ఒకటే చెప్తే రాయండి. ఒక్కరే చెప్తే "ఫలానా వారు చెప్పిన ప్రకారం" అని వాళ్ల పేరుతో, వాళ్లను అడిగి వేయండి. ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు మొదట వాళ్ల పేరు, ఆ రోజు తేదీ మీరే పలకండి. ఇరవై రికార్డింగులయ్యాక ఏది ఎవరిదో తెలియక తిప్పలు పడేది అందరికీ ఉన్నదే.

రక్తదానం చేసి ఉంటే రెడ్‌క్రాస్ కార్డులు, సర్టిఫికెట్లు ఇంట్లోనే ఉంటాయి. పిల్లలకు భర్తీ పరీక్షలకు తయారీ ఇప్పించి ఉంటే, ఎంపికైనవాళ్లలో ఒక్కరి మాట చాలు: పొద్దున ఎన్నింటికి లేపేవారు, ఎక్కడ ఉరికించేవారు, ఏ లెక్కలు చేయించేవారు.

ఇప్పుడు నాయన కాగితాలు దాచుకున్న పెట్టె తెరవండి. నేవీ ఇచ్చిన సర్వీస్ సర్టిఫికెట్, పెన్షన్ పేమెంట్ ఆర్డర్, మాజీ సైనికుల గుర్తింపు కార్డు: ఈ మూడింటితో చేరిన తేదీ, విడుదలైన తేదీ, ర్యాంకు, బ్రాంచి (ఏ పని విభాగమో) తేలుతాయి. అవి పోయి ఉంటే సెయిలర్ల రికార్డులు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని కమొడోర్ బ్యూరో ఆఫ్ సెయిలర్స్ దగ్గర ఉంటాయి. నేరుగా రాయడం కన్నా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పోవడం మంచిది. సర్వీస్ నంబరు, రికార్డులో ఉన్నట్టు పూర్తి పేరు, మరణ ధ్రువీకరణ పత్రం నకలు, మీ బంధుత్వానికి రుజువు జతచేయండి. సర్వీస్ నంబరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటే దాన్ని వదలకండి, అది లేకుంటే నంబరు పూర్తయినట్టు కాదు. సంవత్సరీకంలోపు జవాబు వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

అదే కార్యాలయంలో అమ్మ ఫ్యామిలీ పెన్షన్ సంగతి కూడా కనుక్కోండి. పెన్షన్ కాగితంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉండడం మన దగ్గర మామూలే. పుస్తకం కన్నా అది ముందు.

కాగితాలు లేకున్నా పతకాలుంటే సగం పని అయినట్టే. గుండ్రటి పతకాన్ని వెలుతురులో పట్టుకుని అంచును మెల్లగా తిప్పండి. ముఖం మీద కాదు, రూపాయి బిళ్లకు గీతలుండే చోట, సన్నని అక్షరాల్లో నంబరు, ర్యాంకు, పేరు కొట్టి ఉంటాయి. భూతద్దం పెట్టి మూడూ కాగితం మీద దించుకోండి. ఆ ర్యాంకు ఆ పతకం నాటిది, రిటైరైనప్పటిది కాదు. అందుకే రెండు పతకాల మీద రెండు ర్యాంకులుంటే తప్పనుకోకండి. చింతపండు, పీతాంబరి పెట్టి మాత్రం తోమకండి. తళతళలాడుతుంది కానీ అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. పొడి మెత్తటి గుడ్డ చాలు.

ఫోటోల్లో యూనిఫాం కూడా చాలా చెప్తుంది. ఎడమ చేతి మీద ఒక్క లంగరు ఉంటే లీడింగ్ ర్యాంకు (పెట్టీ ఆఫీసర్ కన్నా ఒక మెట్టు కింద), అడ్డంగా పెనవేసిన రెండు లంగర్లుంటే పెట్టీ ఆఫీసర్. వాటి కింద వి ఆకారపు గీతలుంటే అవి సత్ప్రవర్తనకు ఇచ్చినవి. ఊర్లో ఆర్మీలో చేసినవాళ్లు వాటిని చూసి "నాయక్, హవల్దార్" అంటారు, అట్లా రాయకండి, నేవీలో ఆ ర్యాంకులే లేవు. ఫోటోలను ఆల్బం నుంచి పీకొద్దు, చిన్నవాటిని 600 డీపీఐలో స్కాన్ చేయించండి. వెనక రాత ఉంటే దాన్నీ స్కాన్ చేయించండి.

పాత ఇన్‌లాండ్ లెటర్లుంటే అవి బంగారం. ఓడ పేరు, దాని కింద "కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్, బాంబే" అనో, విశాఖపట్నం అనో ఉంటుంది. పోస్టు ముద్ర మీద తేదీ ఉంటుంది. ఉత్తరాలను తేదీల వరుసలో పేర్చితే పోస్టింగుల పట్టిక తయారైనట్టే. పిల్లల జనన ధ్రువీకరణ పత్రాలూ చూడండి. నేవీ ఆస్పత్రులైన విశాఖలోని ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణిలోనో, ముంబైలోని ఐఎన్‌హెచ్‌ఎస్ అశ్వినిలోనో పుట్టి ఉంటే ఆ ఏడాది కుటుంబం ఎక్కడుందో తేలిపోతుంది. పాత కాగితాల్లో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది, మార్చి రాయకండి. మహబూబ్‌నగర్ వైపువాళ్లు ఇంకో మాట చూసుకోవాలి: 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ఊర్లకు పాత జిల్లా పేరు పక్కన కొత్తది ఒక్కసారి ఇస్తే చాలు.

ఎక్కువ తప్పులు పడేది ఓడల దగ్గర. ఐఎన్‌ఎస్ (ఇండియన్ నేవల్ షిప్) అని ఉన్నదల్లా ఓడ కాదు, ఒడ్డు మీది కేంద్రాలకూ అదే ఉంటుంది. శివాజీ అంటే లోనావాలాలో ఇంజనీరింగ్ శిక్షణ కేంద్రం, వల్సురా అంటే జామ్‌నగర్‌లో ఎలక్ట్రికల్ శిక్షణ, సర్కార్స్ విశాఖలో. "ఐఎన్‌ఎస్ శివాజీ నౌకపై సముద్రంలో" అని వేస్తే తెలిసినవాళ్లు మిగతా పుస్తకాన్నీ నమ్మరు. కొత్త సెయిలర్లకు శిక్షణ ఇచ్చే చిలికా కేంద్రం 1980లో వచ్చింది. ఇప్పటి కుర్రాళ్లు అక్కడికే పోతారు కాబట్టి మీ నాయన కూడా అక్కడే నేర్చుకున్నారని ఎవరో చెప్తారు, ఆయన చేరిన నాటికి అది లేదు.

బొమ్మలదీ ఇదే గోల. నెట్‌లో విక్రాంత్ అని వెతికితే 2022 సెప్టెంబర్ 2న చేరిన కొత్త ఓడ వస్తుంది. 1971లో పాకిస్తాన్ యుద్ధమప్పుడు బంగాళాఖాతంలో ఉన్నది పాత విక్రాంత్, దాన్ని 1997లో సేవ నుంచి తప్పించారు. నేవీ జెండా కూడా ఆ 2022 రోజునే మారింది. మీ నాయన సెల్యూట్ చేసింది తెల్ల జెండా మీద ఎర్ర అడ్డగీత, నిలువు గీత, మూలన త్రివర్ణం ఉన్న జెండాకు. ఫ్లెక్సీ మీద అదే వేయించండి.

1971లో సర్వీసులో ఉన్నారు కాబట్టి కరాచీ దాడిలో పాల్గొన్నారని రాయడం కూడా ఎక్కువే చూస్తాం. డిసెంబర్ 4 రాత్రి కరాచీ మీద క్షిపణులు వేసినవి నిపాత్, నిర్ఘాట్, వీర్ అనే చిన్న మిసైల్ బోట్లు, వాటి మీదున్నవాళ్లు కొద్దిమందే. ఆ యుద్ధానికి ఇచ్చిన పతకాల్లో పూర్వీ స్టార్ ఉంటే తూర్పు వైపు, పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి వైపు పనిచేశారని రాయొచ్చు. రెండూ లేకుంటే ఆ డిసెంబర్‌లో ఏ కేంద్రంలో ఉన్నారో అదే రాయండి. ఓడలు కదలాలంటే స్టోర్లలో, వర్క్‌షాపుల్లో, రేడియో గదుల్లో మనుషులు ఉండాల్సిందే, వాళ్ల సర్వీసు ఏం తక్కువది కాదు. డిసెంబర్ 9న మన ఖుక్రీ ఓడ మునిగి 18 మంది అధికారులు, 176 మంది సెయిలర్లు పోయారు. ఆ ఓడ మీద తెలిసినవాళ్లు ఉండేవారని ఆయన ఎప్పుడైనా చెప్పి ఉంటే ఆ పేజీలో ఆ మాట ఉండాలి.

అమ్మకు రెండు పేజీలు వేరుగా ఇవ్వండి. "ఓపికతో సహకరించిన ఇల్లాలు" అని ఒక్క వాక్యంతో దాటేస్తారు, అది అన్యాయం. క్వార్టర్ దొరకని ఏండ్లు ఎక్కడున్నారు, వ్యవసాయం ఎవరు చూసుకున్నారు, మనీయార్డరు ఆలస్యమైన నెల ఎట్లా గడిచింది, ఉత్తరం ఎవరితో చదివించుకున్నారు, లీవుకు వస్తున్నట్టు ఎట్లా తెలిసేది? ఆమెనే అడిగి ఆమె మాటల్లోనే వేయండి, భాష దిద్దకండి.

జాతీయ జెండా విషయం గట్టిగా పట్టించుకోండి. ఫోటోకు కప్పడం, బల్ల మీద పరచడం, జెండా మీద పేరు రాయడం చట్టప్రకారం కూడదు. అంత్యక్రియల్లో కప్పే వీలు కూడా ప్రభుత్వ, సైనిక, కేంద్ర సాయుధ దళాల లాంఛనాలకే ఉంది. సర్వీస్ నంబరు, పెన్షన్ ఆర్డర్ నంబరు, పుట్టిన తేదీ ఫ్లెక్సీ మీదా, పుస్తకంలోనూ వేయొద్దు. పెన్షన్ ఆఫీసు నుంచి అంటూ అమ్మకు ఫోన్ చేసి మోసం చేసేవాళ్లకు అవే కావాలి.

పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి, మీకు 16 పేజీలు, అట్ట సరిపోతాయి. ఆరు పేజీలు ఊరి పనులకు, నాలుగు నేవీకి, రెండు అమ్మకు, మిగతావి ఫోటోలకు. ఫ్లెక్సీ మీద పేరు, ర్యాంకు, సర్వీసు ఏండ్లు, ఊరు చాలు. సభలో చదివేది అయిదు నిమిషాలు దాటొద్దు, ఒక్క నీళ్ల పనే తీసుకుని చెప్పినా నిండుగా ఉంటుంది. మీరు వాట్సాప్‌లో పంపిన మాటల్ని డీటీపీ వాళ్లు తాము వాడే అనూ ఫాంటులోకి మార్చినప్పుడు ఒత్తులు, సున్నాలు జారిపోతాయి. అందుకే స్క్రీన్ మీద చూసి సరే అనకండి, కాగితం మీద ప్రూఫ్ తీయించి ర్యాంకు, ఓడల పేర్లు, మనుషుల పేర్లు ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు సర్టిఫికెట్ పట్టుకుని సరిచూడండి. అమ్మకు కూడా మొత్తం చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే ప్రింటుకు ఇవ్వండి.