నిస్సాన్ ఆర్‌బీ30 ఇంజన్ బ్లాకు పెట్టాక పాత ఇంటర్‌కూలర్ (టర్బో నెట్టే గాలిని చల్లబరిచేది) పైపులు అందడం లేదు. పొడుగు కప్లర్ (పైపులను కలిపే మెత్తటి గొట్టం) వేసి సరిపెట్టవచ్చా?

వద్దండీ. మీరు చెప్పినదాన్ని బట్టి ఆర్33 స్కైలైన్‌లో ఆర్‌బీ30 బ్లాకు మీద పాత ఆర్‌బీ25 డీఈటీ హెడ్ కూర్చోబెట్టారు. అంతకుముందు చక్కగా అమరిన పైపులు ఇప్పుడు త్రాటిల్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే ద్వారం) దగ్గరా, టర్బో దగ్గరా కిందికి ఉండిపోయాయి. కిట్ మొత్తం పారేయక్కర్లేదు. కానీ పైపు కోసి మళ్లీ వెల్డింగ్ చేయించాల్సిందే.

హోల్డెన్ వీఎల్ కమడోర్‌లోనూ, ఆస్ట్రేలియా ఆర్31 స్కైలైన్‌లోనూ వచ్చిన ఈ బ్లాకు ఆర్‌బీ25 కంటే 38 మి.మీ. ఎత్తు. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 71.7 నుంచి 85 మి.మీ.కి పెరిగింది, అందులో సగం 6.65. కనెక్టింగ్ రాడ్ 121.5 నుంచి 152.5కి పెరిగింది, అది 31. రెండూ కలిపితే దాదాపు ఆ 38 వస్తుంది. హెడ్‌తో పాటే ప్లీనమ్ (గాలిని సిలిండర్లకు పంచే పెట్టె), త్రాటిల్, మానిఫోల్డ్ మీద కూర్చున్న టర్బో అన్నీ అంత మేర పైకి వెళ్లాయి. ఇంటర్‌కూలర్, పైపు దూరే కన్నాలు బాడీవి, అవి కదలవు.

అయినా 38 అనే అంకెను నమ్మి కోయకండి. ఇంజన్ మౌంట్లు 10 మి.మీ. దించి ఉంటే మీకు మిగిలేది 28. ఇంజన్ 4 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటే త్రాటిల్ మరో రెండున్నర మి.మీ. వెనక్కి కూడా జరుగుతుంది. మౌంట్లు పూర్తిగా బిగించి, బండి నాలుగు చక్రాల మీద నిలబెట్టాకే కొలవండి.

పైపు జోలికి వెళ్లే ముందు బానెట్ చూసుకోండి. ప్లీనమ్ మీదా, ఇంజన్ పైనుంచి అడ్డంగా వెళ్లే పైపు ఉంటే దాని మీదా మెత్తటి బంకమట్టి ముద్దలు పెట్టి, బానెట్ నెమ్మదిగా మూసి తెరవండి. ముద్ద నలిగాక 15 మి.మీ. మందం మిగలాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ ఒరుగుతుంది, అంతకంటే తక్కువైతే కొట్టుకుంటుంది. ఇక్కడ చోటు లేకపోతే ముందు మౌంట్ల సంగతి తేల్చాలి, లేదంటే చేసిన వెల్డింగ్ అంతా వృథా.

పైపులో నిలువుగా వెళ్లే తిన్నని భాగం ఉంటే పని తేలిక. అక్కడ కోసి కొలిచినంత ముక్క కలిపితే చాలు. అడ్డంగా వెళ్లే భాగమే ఉంటే పైపు లేచి, మళ్లీ అదే దిశలో సాగాలి, అంటే ఎదురెదురుగా రెండు వంపులు కావాలి. రెండున్నర అంగుళాల, అంటే 63.5 మి.మీ. పైపుకు దొరికే వంపు వ్యాసార్థం సాధారణంగా 95 మి.మీ. ఆ వంపులోంచి 37 డిగ్రీల ముక్కలు రెండు కోసి, ఒకదాన్ని తిరగేసి అతికితే సరిగ్గా 38 మి.మీ. లేస్తుంది, దానికి 114 మి.మీ. పొడవు పడుతుంది. ఎత్తవలసింది 28 అయితే ముక్కకు ముప్పై ఒకటిన్నర డిగ్రీలు, పొడవు దాదాపు 100. రెండు ముక్కలూ ఒకే 90 డిగ్రీల వంపులోంచి వస్తాయి. గ్రైండర్ బిళ్ల తినే మందం మాత్రం మార్కింగ్‌లో వదలండి.

బండి మీదే పైపు నిలబెట్టి మూడు నాలుగు చోట్ల చిన్న వెల్డింగ్ చుక్కలు వేయించి, తీసి బల్ల మీద పూర్తి వెల్డింగ్ చేయించండి. కప్లర్లు లేకుండానే పైపు చివరలు ఎదురెదురుగా నిలవాలి, మధ్య సందు 5 నుంచి 10 మి.మీ. కప్లర్ పని కంపనం మింగడం, వంకర సరిచేయడం కాదు. వంకరగా లాగి బిగిస్తే ఒక అంచు మీదే భారం పడి, వేడెక్కాక జారుతుంది. 1 బార్ బూస్ట్ (టర్బో అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి) దగ్గర 63.5 మి.మీ. పైపు చివర మీద తోపుడు సుమారు 32 కిలోల బరువంత. అందుకే ప్రతి చివరా గుండ్రంగా ఉబ్బెత్తు అంచు వేయించాలి, కప్లర్ రెండు వైపులా 20 మి.మీ. పైగా లోపలికి వెళ్లాలి, క్లాంపు ఆ ఉబ్బుకు వెనక పడాలి.

ఇంజన్‌కూ బాడీకీ మధ్య కదలిక మింగడానికి టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి త్రాటిల్‌కు వెళ్లే ఒక్కో దారిలో ఒక్క మడత కప్లర్ (మధ్యలో ఉబ్బు ఉన్నది) చాలు. అది పొడవునా సాగిపోగలదు కాబట్టి పైపును బ్రాకెట్‌తో బాడీకి కట్టేయాలి. చాలామంది ఈ బ్రాకెట్ మానేసి, పైపు ఊడితే క్లాంపుల మీద నెపం వేస్తారు.

వెల్డింగ్ అయ్యాక లోపల మిగిలిన అల్యూమినియం పొడి, ముత్యాలు గీకి, నీళ్లతో కడిగి, గాలితో ఊదండి. అది వెళ్లేది నేరుగా వాల్వుల్లోకి. తర్వాత టర్బో నోటికి మూత బిగించి, క్రాంక్‌కేసు గొట్టాలు మూసి, రెగ్యులేటర్‌తో 10 నుంచి 15 పీఎస్‌ఐ గాలి నింపి సబ్బునీళ్లు చల్లండి. మూతకు ఎదురుగా నిలబడకండి.

ఇంకొకటి, అందరూ మరిచేది. ఎయిర్‌ఫ్లో మీటర్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) నుంచి టర్బోకు వెళ్లే రబ్బరు గొట్టం కూడా ఇప్పుడు టర్బో లేచినంత మేర లాగబడి ఉంటుంది. బైపాస్ వాల్వు (అదనపు బూస్ట్‌ను వెనక్కి వదిలేది) రిటర్న్ గొట్టం, ఐడిల్ వాల్వు గొట్టం కూడా అంతే. మీటర్ తర్వాత చిన్న పగులు పడినా లెక్కలోకి రాని గాలి చొరబడి ఐడిల్ ఊగుతుంది, మిశ్రమం పలచబడుతుంది. అప్పుడు కొత్త వెల్డింగ్‌లో లీకు వెతికి ప్రయోజనం ఉండదు, ముందు ఈ మూడు గొట్టాలూ సరైన పొడవువి వేయించండి.