ప్రొబేషన్‌లో ఉన్న తమ్ముడు టెక్సాస్ నుంచి న్యూజెర్సీకి మారొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడు డాలస్‌లో హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నాడు. గొడవలో భార్యపై చెయ్యి చేసుకున్నాడని కేసు పెట్టారు. క్లాస్ ఎ మిస్‌డిమీనర్ అట, అంటే చిన్న నేరాల్లో పై తరగతిది. తప్పు ఒప్పుకోవడంతో డిఫర్డ్ అడ్జుడికేషన్ (దోషిగా తేల్చడం వాయిదా వేయడం) కింద 18 నెలల ప్రొబేషన్ (జైలు బదులు ఆఫీసర్ పర్యవేక్షణ) వేశారు. ఇంకా 7 నెలలుంది. ఇప్పుడు న్యూజెర్సీలో ఉద్యోగం, వచ్చే నెలే చేరాలి. అక్కడ మా బాబాయి కొడుకు ఆరేళ్లుగా ఉంటున్నాడు. డాలస్‌లో ఫ్రెండ్ అడ్రస్ ఉంచి, నెలకోసారి విమానంలో వెళ్లి ఆఫీసర్‌కు కనిపిస్తే చాలంటున్నారు. అమ్మ బెంగతో మంచం పట్టింది.
– గుంటూరు నుంచి ఒక అన్న

జవాబు: గొడవ జరిగిన రాత్రి తప్పెవరిదో మీరు ఉత్తరంలో రెండు పేజీలు రాశారు. కోర్టులో ఒప్పుకున్నాక ఆ చర్చ అయిపోయింది. తేల్చాల్సింది ఒక్కటే, మీరు అదే రాయలేదు: న్యూజెర్సీకి పంపుతున్నది ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీయేనా, కొత్త కంపెనీయా?

అమెరికాలో ప్రొబేషన్, పెరోల్‌లో ఉన్నవాళ్లు రాష్ట్రం మారడానికి 50 రాష్ట్రాలూ కలిసి చేసుకున్న ఒప్పందం ఉంది, ఇంటర్‌స్టేట్ కాంపాక్ట్. మిస్‌డిమీనర్ అయినా, ఒంటిపై దెబ్బ పడిన నేరం, ఏడాదికి తగ్గని ప్రొబేషన్ కాబట్టి మీ కేసు దాని కిందికే వస్తుంది. ఉన్న కంపెనీయే, ఉద్యోగం నిలవాలంటే వెళ్లాల్సిందేనని బదిలీ చేస్తే, మిగతా అర్హతలూ ఉంటే న్యూజెర్సీ ఒప్పుకోవాలి. కొత్త ఉద్యోగమైతే ఒప్పుకోవడం, మానడం వాళ్లిష్టం. అక్కడ బంధువున్నాడన్న ఆధారమూ కుదరదు. బాబాయి కొడుకు మనకు అన్నే కానీ ఆ నియమాల్లో దగ్గరి బంధువు కాడు. తల్లిదండ్రులు, సొంత తోబుట్టువులు, బాబాయి, పిన్ని లాంటివాళ్లు, అదీ అక్కడ కనీసం 180 రోజులుగా ఉంటున్నవాళ్లే లెక్కలోకి వస్తారు.

ఫ్రెండ్ అడ్రస్ ఆలోచన ఈ రోజే మానుకోండి. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఇల్లు మారిన 10 రోజుల్లో ఇమిగ్రేషన్ వాళ్లకు తెలపాలి. తెలిపితే ప్రభుత్వ రికార్డులోనే రెండు అడ్రస్‌లు పడతాయి. తెలపకపోతే అది ఇంకో ఉల్లంఘన. ఏడు నెలలు ఎలాగో గడిపేస్తే చాలనుకోకండి. గడువు ముగిసేలోగా ప్రాసిక్యూటర్ మోషన్ (కోర్టుకు అర్జీ) వేసి, కోర్టు అరెస్ట్ వారెంట్ ఇస్తే, గడువు దాటాక కూడా విచారించవచ్చు. అప్పుడు జడ్జి దోషిగా తేల్చి ఏడాది వరకూ జైలు వేయగలరు. వీసా పరంగా ఆ డిఫర్డ్ ఇప్పటికే శిక్ష పడినట్టే లెక్క. దాని మీద ఇంకో మచ్చ తెచ్చుకోవద్దు.

ఆఫీసర్‌ను అడగకుండా చేరే తేదీకి ఒప్పుకోవడం పెద్ద పొరపాటు. సంతకం పెట్టిన షరతులు ఒకసారైనా చదివారా?

ముందు కంపెనీతో లెటర్ రాయించండి. బదిలీ తామే చేస్తున్నామని, వెళ్లకపోతే ఉద్యోగం ఉండదని స్పష్టంగా ఉండాలి. "అవకాశం ఇస్తున్నాం" అని రాస్తే పనికిరాదు. ఆ లెటర్, ఉండబోయే ఇంటి వివరం, కౌన్సెలింగ్ క్లాసుల హాజరు, ఫీజు రసీదులు తీసుకుని ఆఫీసర్‌ను ట్రాన్స్‌ఫర్ అడగాలి. దరఖాస్తు పంపేది టెక్సాస్ వాళ్లే, మీ తమ్ముడు నేరుగా పంపలేడు. పంపే రోజుకు 90 రోజులకు పైగా ప్రొబేషన్ మిగిలి ఉండాలి. కాబట్టి 7 నెలలన్న లెక్క నోటిమాటగా కాదు, కోర్టు ఆర్డర్ మీది తేదీతో చూసుకోండి. న్యూజెర్సీ విచారణకు 45 రోజుల దాకా పడుతుంది. వచ్చే నెల చేరడం కుదరకపోవచ్చని కంపెనీకి ఇప్పుడే చెప్పాలి. నిజంగా అత్యవసరమైతే, ముందే వెళ్లేందుకు రిపోర్టింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ (అక్కడి ఆఫీసర్ దగ్గర హాజరు కావాలన్న ఆదేశాలు) ఇప్పించమని ఆఫీసర్‌ను అడగవచ్చు. అవి చేతికి వచ్చేదాకా ఇల్లు మారకూడదు.

కొత్త కంపెనీ అయితే కేసు వాదించిన అటార్నీని ఈ వారమే కలవమనండి.