ఆడపడుచు చీర డబ్బు దానం చెయ్యొచ్చా?

టెక్కలి నుంచి ఒక చెల్లెలు రాసింది. మామగారి తమ్ముడు పలాస కిడ్నీ ఆస్పత్రిలో డయాలసిస్ చేయించుకుంటుంటే చూడ్డానికి వెళ్ళి, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్ళ నుంచి అక్కడికి వచ్చినవాళ్ళ అవస్థ చూసి తట్టుకోలేకపోయిందట. ఈ క్రిస్మస్‌కి ఎవరికీ బట్టలూ కానుకలూ వద్దు, ఆ 30,000 రూపాయలూ వాళ్ళకే ఇద్దామని భర్తతో అనుకుని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. అత్తగారు మాట్లాడ్డం మానేశారు. ఆడపడుచు ఫోన్ చేసి "నా చీర డబ్బు దానం చెయ్యడానికి నువ్వెవరు?" అంది. పిల్లలు ఏడుపు. "నేను చేసింది తప్పా అక్కా?" అని అడుగుతోంది.

చెల్లీ, నీకు కలిగిన జాలి తప్పు కాదు, దాన్ని చంపుకోకు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి వచ్చాక దూరం కొంత తగ్గింది గానీ, వారానికి రెండు మూడుసార్లు మిషన్ ఎక్కాల్సిన మనిషికి ఆటో ఖర్చు, తోడొచ్చినవాళ్ళకి పోయిన కూలి, తిండి, ఇవి మాత్రం తగ్గలేదు. కవిటి, సోంపేట, మందస వైపు ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. నువ్వు ఇచ్చే డబ్బు వృథా పోదు.

కానీ నీది కానిది కూడా కలిపి ఇచ్చేశావు. పెళ్ళై వెళ్ళిపోయిన ఆడపిల్లకి పండక్కి పుట్టింటివాళ్ళు పెట్టే చీర కానుకల లెక్కలోకి రాదమ్మా. అన్నో తమ్ముడో తనని ఇంకా ఇంటి మనిషిగానే చూస్తున్నాడని అత్తింట్లో నలుగురి ముందు చెప్పుకోవడానికి ఆమెకి ఉన్నది అదొక్కటే. అది ఆపేసిన సంగతి గ్రూపులో అందరితో పాటు చదువుకుంటే ఎవరికైనా మండుతుంది. మీరు సువార్త చదివే ఇంటివాళ్ళే, మార్కు 7వ అధ్యాయం ఒకసారి తీసి చూడు. అమ్మానాన్నలకి దక్కాల్సినదాన్ని దేవుడికి అర్పించేశాం అన్నవాళ్ళని యేసు గట్టిగానే మందలించాడు. నీకు వాళ్ళలాంటి దురుద్దేశం లేదని నాకు తెలుసు, అయినా ఆ మాట ఇక్కడ గుర్తు చెయ్యాలనిపించింది.

ముందు మీ వదినకి ఫోన్ చెయ్యి, మెసేజ్ కాదు. "వదినా, నిన్ను అడక్కుండా పెట్టేశాను, నీ చీర నీకుంది, పండక్కి నువ్వు రావాలి" అను. ఉద్దానం సంగతి ఆ ఫోన్‌లో ఎత్తకు, ఎత్తితే సంజాయిషీలా ఉంటుంది. ఈ మాట మీ ఆయనచేత కూడా చెప్పించు, నిర్ణయం ఇద్దరిదైతే తిట్లు నీ ఒక్కదానికే ఎందుకు?

అత్తగారి సంగతి వేరు. ఆ డయాలసిస్ మీదున్నాయన ఆవిడకి మరిది. ఆవిణ్ణి వెంటబెట్టుకుని పలాస వెళ్ళు, అరిసెలు ఆవిడచేతే పట్టించు, ఎవరికి ఎంత ఇవ్వాలో ఆవిణ్ణే చెప్పమను. పెద్దవాళ్ళని అడగనందుకు వచ్చే కోపం, అడిగితే చాలావరకు పోతుంది.

పిల్లలకి 25న చర్చికి కొత్త బట్టలు కొను. తోటి పిల్లలందరూ కొత్తవి వేసుకొస్తే వీళ్ళు పాతవి వేసుకోవడం వల్ల వాళ్ళకి దానగుణం రాదు, కిడ్నీ రోగుల మీద కోపం వస్తుంది. బొమ్మల డబ్బులో ఎంతో కొంత ఇవ్వడం వాళ్ళకే వదిలెయ్, ఏమీ ఇవ్వకపోయినా ఏమీ అనకు.

ఇక మిగిలేది నీ చీర, మీ ఆయన బట్టలు, కేకు, ఇంటి అలంకరణ. అందులోంచి ఎంత మిగిలితే అంత ఇవ్వండి. 8,000 అయినా సరే, ఇద్దరు ముగ్గురికి కొన్నాళ్ళ దారి ఖర్చు. ఏదైనా సంస్థ ద్వారా ఇస్తే బ్యాంకు నుంచే పంపి రసీదు తీసుకోండి, 2,000 దాటి నగదుగా ఇస్తే ఆ విరాళానికి పన్ను మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉంటే ఎలాగూ ఉండదు.

వదిన అప్పటికీ రానని భీష్మించుకుంటే బతిమాలుతూ కూర్చోకు. చీర మాత్రం ప్రతి ఏడూ కొనే ధరలోనే కొని, మీ ఆయన్నే వాళ్ళింటికి వెళ్ళి ఇచ్చి రమ్మను.