ఆ 98 శాతం సంగతి

కావలి

అమ్మాయికి ఆశీస్సులు.

పెన్నా నది వరదని ముందే చెప్పే ఏఐ మీద నువ్వు రాసిన వ్యాసం మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "మా ల్యాబులో తయారైన ఏఐ, పెన్నమ్మ ఆగ్రహాన్ని 98 శాతం కచ్చితత్వంతో ముందే పసిగడుతుంది" అని రాశావు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ వాక్యమే. 2021 నవంబరు వరదలో నెల్లూరు పక్కనున్న పడుగుపాడు దగ్గర కట్ట కోసుకుపోయి రైలు పట్టాలు గాల్లో వేలాడిన ఘట్టం బాగా రాశావు. దాన్ని ముట్టుకోకు.

98 ఎక్కడ నుంచి వచ్చిందో నీ పట్టికలోనే ఉంది. 1000 గంటల నీటిమట్టం మీద పరీక్షించారు, అందులో వరద గంటలు 20. ఏ లెక్కా చెయ్యకుండా ప్రతిసారీ "వరద రాదు" అని చెప్పే యంత్రాన్ని కూర్చోబెట్టినా 980 సార్లు దాని మాట నిజమవుతుంది. అదీ 98 శాతమే. కాబట్టి నువ్వు అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఆ 20 గంటల్లో ఎన్నింటిని పట్టుకుంది? పట్టుకున్నానని చెప్పిన వాటిలో ఎన్ని ఉత్తుత్తివి? ల్యాబులో మొదటిదాన్ని రీకాల్ అంటారు, రెండోది ప్రిసిషన్‌కి సంబంధించింది. ఊళ్లో ఈ రెండోదాని అర్థం వేరు. రెండుసార్లు అర్ధరాత్రి లేపి, పిల్లల్నీ గొడ్లనీ తోలుకుని బడి దాకా నడిపించి, తెల్లారేసరికి నీళ్లే రాలేదనుకో, మూడోసారి పిలిస్తే ఎవరూ కదలరు.

పరీక్ష ఎలా చేశారో ఒక్క ముక్క కూడా రాయలేదు. మొత్తం గంటల్ని పేకముక్కల్లా కలిపి, 80 శాతం నేర్పడానికి, 20 శాతం పరీక్షకి తీసి ఉంటారు. కోడ్‌లో ఒక్క లైనుతో అయిపోతుంది గనక చాలామంది అలాగే చేస్తారు. నదికి అది పనికిరాదు. రాత్రి 2 గంటల మట్టానికీ 3 గంటల మట్టానికీ తేడా బెత్తెడు ఉంటుంది. 2 గంటలది నేర్చుకున్న మోడల్‌ని, అంటే ఆ ఏఐని, 3 గంటలది అడిగితే జవాబు ముందే చూపించి పరీక్ష పెట్టినట్టు. ఒక వరద మొత్తాన్ని పక్కన పెట్టాలి. 2015 నవంబరు వరదతో నేర్పి, 2021 వరద మీద పరీక్షించాలి. "గంట తర్వాత కూడా ఇప్పుడున్నంతే ఉంటుంది" అనే మొద్దు అంచనాతో కూడా పోల్చి చూడాలి. దాన్ని గెలవలేని మోడల్ గురించి రెండు పేజీలు అక్కర్లేదు.

నా వ్యాసాల్లో అంకె కనబడితే ఎర్ర సిరాతో కొట్టేసిన సంపాదకుడు ఒకాయన ఉండేవాడు. పాఠకుడికి లెక్కలెందుకండీ, గుండెను తాకండి అనేవాడు. ఆ మాట నేనెప్పుడూ ఒప్పుకోలేదు. పొద్దున్నే పేపరు తెరిచి పెన్న మీది సోమశిల జలాశయంలో ఎన్ని టీఎంసీలున్నాయో (ఒక టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు) చూసి నారు పొయ్యాలో వద్దో తేల్చుకునే రైతులున్న జిల్లా మనది. వాళ్లకి లెక్క అర్థం కాదనుకోవడం వాళ్లని తక్కువ చెయ్యడమే. లక్ష క్యూసెక్కులు, అంటే సెకనుకు లక్ష ఘనపుటడుగుల నీళ్లు, ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. సోమశిల పూర్తి నిల్వ 78. అంటే 5 లక్షల క్యూసెక్కులు వస్తుంటే రెండు రోజుల్లోపే ఖాళీ జలాశయం నిండిపోతుంది. నీ "ఉగ్రరూపం", "ప్రళయతాండవం" రెండూ తీసేసి ఈ మూడు వాక్యాలు పెట్టి చూడు. ఇప్పుడేమో ప్రతి శీర్షికలో ఏఐ ఉండాలి. అంతకుముందు ఇదే చోట కంప్యూటర్ అనే మాట ఉండేది. పేరు మారినప్పుడల్లా పద్ధతి చెప్పాల్సిన పేరా ఎగిరిపోతోంది.

ఇక సెన్సర్. వంతెనకి అల్ట్రాసోనిక్ సెన్సర్ (కిందికి ధ్వని పంపి నీటి దూరం కొలిచేది) బిగించారని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అసలు కథ అక్కడుంది. ఆ తరహా చవక సెన్సర్‌కి చూపు నాలుగైదు మీటర్లు. వంతెన అంతకంటే ఎత్తుగా ఉంటే నీళ్లు బాగా పెరిగేదాకా దానికి ఏమీ కనబడదు. మరీ దగ్గరికొస్తే, సుమారు 20 సెంటీమీటర్ల లోపల, మళ్లీ గుడ్డిదవుతుంది. అంటే ప్రమాదం ముదిరిన ఘడియలోనే పిచ్చి అంకెలు చెబుతుంది. పైగా అది కొలిచేది ధ్వని తిరిగొచ్చే సమయం. ధ్వని వేగం డిగ్రీకి సెకనుకు 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. కోడ్‌లో సెకనుకు 343 మీటర్లు అని రాసి వదిలేస్తారు, అది 20 డిగ్రీల దగ్గరి వేగం. 40 డిగ్రీల ఎండలో అది దాదాపు 355 అవుతుంది. నాలుగు మీటర్ల దూరానికి 14 సెంటీమీటర్ల తేడా. మిట్టమధ్యాహ్నం ఆ తేడాను సరిచేసి సున్నా పెట్టి వెళ్లారనుకో, తుఫాను రాత్రి 24 డిగ్రీల చలిగాలిలో అదే సెన్సర్ నీటిని ఉన్నదానికంటే దాదాపు 10 సెంటీమీటర్లు తక్కువ చూపుతుంది. పక్కన ఒక ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి లెక్కలో కలిపితే సరిపోతుంది. పెట్టారా లేదా అడుగు. సెన్సర్ గొట్టంలో సాలెపురుగు గూడు కట్టడం, కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క కింద చిక్కుకుని అదే నీటిమట్టంలా కనబడటం కూడా జరిగేవే.

ఇంకొకటి. సెన్సర్ చెప్పేది నీటి పైభాగం. పెన్నది ఇసుక అడుగు. వరదలో అది కోసుకుపోతుంది, మరోచోట మేట వేస్తుంది, మిగతా రోజుల్లో లారీలు తవ్వుకుపోతాయి. నిరుటి కొలతలతో మట్టాన్ని క్యూసెక్కుల్లోకి మారిస్తే ఈ ఏడు తప్పుతుంది. వరద తగ్గిన ప్రతిసారీ నది అడ్డకోత, అంటే ఒడ్డు నుంచి ఒడ్డు దాకా అడుగు ఎక్కడ ఎంత లోతుందో, కొలిచి పట్టిక మార్చుకోవాలి. అది వాళ్ల ప్రణాళికలో ఉంటే రాయి, లేకపోతే లేదని రాయి.

కరెంటు సంగతి నువ్వు ఎత్తనే లేదు. సగటున 100 మిల్లీయాంపియర్లు లాగే సెన్సర్ పెట్టెకి 2600 మిల్లీయాంపియర్ అవర్ల బ్యాటరీ 26 గంటలు వస్తుంది. తుఫాను ముసురులో సోలార్ పలక మూడు నాలుగు రోజులు పనిచెయ్యదు. అందుకే పది నిమిషాలకోసారి నిద్రలేచి, కొలిచి, పంపి, మళ్లీ పడుకునేలా చేస్తారు. బోర్డు మీద వెలిగే ఎర్ర దీపం కూడా బ్యాటరీ తాగుతుంది, దాన్ని పీకెయ్యాలి. సెల్ టవర్లు కూడా కరెంటు పోయాక ఎంతోసేపు నిలబడవు. అందుకే మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే, తక్కువ కరెంటుతో దూరం అందే లోరా రేడియోతో ఊరి పంచాయతీ ఆఫీసు దాకా నేరుగా పంపే దారి చూస్తారు. నీ వ్యాసంలో సందేశం "మొబైల్‌కి వస్తుంది". ఎవరి మొబైల్‌కి? చార్జింగ్ ఎక్కడ?

నెల్లూరు వాన కొలతలు ఎన్ని పెట్టినా నెల్లూరు వరద అందదు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది చెయ్యేరు మీద, రాజంపేట వైపు. ఆ చెయ్యేరు సోమశిలకి పైనే పెన్నలో కలుస్తుంది. నెల్లూరుకి వచ్చే నీళ్లు కడప జిల్లా వాన, తెగిన కట్ట, సోమశిల గేట్ల దగ్గర ఇంజనీరు తీసుకునే నిర్ణయం, మూడూ కలిస్తే వచ్చేవి. గేటు ఎప్పుడు ఎత్తుతారో మోడల్‌కి ఎవరు చెబుతున్నారు? ఈ ప్రశ్న ఆ పరిశోధకులను తప్పకుండా అడుగు.

నష్టం అంచనాకి ఉపగ్రహ చిత్రాలు వాడతామన్న చివరి పేరా బాగుంది, కానీ తొందరపడ్డావు. మబ్బులోంచి చూడగలిగే రాడార్ చిత్రంలో నిలిచిన నీరు నల్లగా పడుతుంది. దమ్ము చేసి నీళ్లు పెట్టిన వరిమడీ నల్లగానే పడుతుంది. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలూ అంతే. వరదకి కొద్ది రోజుల ముందు చిత్రంతో పోల్చకపోతే మునగని గుంటకి పరిహారం రాస్తారు, ఇసుక మేట వేసిన చేను జాబితాలోకే రాదు. మేటలో నీళ్లుండవు కదా.

కలం పేరు గురించి, ఏ పత్రికకి పంపాలన్న దాని గురించి అడిగావు. అవి తర్వాత చూద్దాం. రాతప్రతి తిప్పి పంపుతున్నాను, అంచుల్లో పెన్సిలుతో గుర్తులు పెట్టాను. ముందు ఆ ల్యాబుకి మళ్లీ వెళ్లి, 20 వరద గంటల్లో మోడల్ ఎన్నింటిని పట్టిందో అడుగు. అంకె ఇస్తే 98 ఉన్నచోట అది పెట్టు. ఇవ్వకపోతే, అడిగాను ఇవ్వలేదని రాయి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి