ఎపాక్సీ మంటను తట్టుకోవాలి, పెళుసుగా విరగకూడదు: పాలిమర్లు కలిపితే రెండూ కుదురుతాయా?

కుదురుతాయి, కానీ ఏ పాలిమర్ (పొడవాటి గొలుసు అణువుల పదార్థం) కలుపుతున్నామన్నదే అసలు సంగతి.

మామూలు ఎపాక్సీ (గట్టిపడే జిగురులాంటి రెసిన్) మండడానికి సుమారు 20 శాతం ఆక్సిజన్ చాలు. గాలిలో 21 శాతం ఉంది. అందుకే ఒకసారి అంటుకుంటే అగ్గిపుల్ల తీసేసినా నల్లటి పొగ కక్కుతూ కాలుతూనే ఉంటుంది. పైగా అణువులు వలలా బిగుసుకుని ఉంటాయి కాబట్టి చిన్న పగులు కూడా గాజులోలాగా సర్రున పాకుతుంది.

చాలామంది అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొడి పోస్తారు. మంట ఆగాలంటే బరువులో సగం దాకా పోయాలి. అప్పుడు రెసిన్ ఇడ్లీపిండిలా చిక్కబడి, బుడగలు లోపలే చిక్కుకుంటాయి.

నా ఓటు పాలీఫాస్ఫోనేట్ లాంటి ఫాస్ఫరస్ పాలిమర్లకే. వేడెక్కగానే ఆమ్లాలుగా మారి పైన బొగ్గు పొర కట్టిస్తాయి. కొంత ఫాస్ఫరస్ ఆవిరై మంటను నడిపే రాడికల్స్‌ను (చురుకైన అణు ముక్కలను) పట్టేస్తుంది. మొత్తంలో ఫాస్ఫరస్ 2–3 శాతం ఉంటే చాలాసార్లు సరిపోతుంది. పెద్ద అణువులు కాబట్టి అంత తేలిగ్గా బయటికి ఊరిరావు.

పగుళ్లు పాకకుండా ద్రవ రబ్బరు కలపవచ్చు. అది చిన్న బిందువులుగా విడిపోయి పగులు శక్తిని మింగేస్తుంది. కానీ రబ్బరూ మండేదే, బిగువూ తగ్గుతుంది. కలపడం కష్టమైనా పాలీఈథర్‌సల్ఫోన్ మేలు. విమానాల కార్బన్ ఫైబర్ రెసిన్లలో వాడేది ఇలాంటి థర్మోప్లాస్టిక్‌లనే (వేడిచేస్తే మెత్తబడే ప్లాస్టిక్‌లనే).

తయారైన ఎపాక్సీ పట్టీని నిలువుగా పట్టి, దాని కింద 10 సెకన్ల చొప్పున రెండుసార్లు మంట పెట్టి చూడండి. ప్రతిసారీ 10 సెకన్లలోపు ఆరిపోవాలి, మండే చుక్కలు పడి కింది దూది అంటుకోకూడదు. యూఎల్-94 అనే ప్లాస్టిక్‌ల మంట పరీక్షలో వీ-0 గ్రేడుకు ముఖ్యమైన షరతులు ఇవే.