జాబులు – జవాబులు: సజ్జకు పట్టిన తేనెపట్టు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తు సజ్జకు ఏటా దీపావళి దాటాక పెద్ద తేనెపట్టు పడుతుంది. ఎండలు ముదిరేసరికి ఈగలన్నీ వెళ్లిపోతాయి, మరుసటి ఏడు అక్కడికే వస్తాయి. వచ్చేవి పాత ఈగలేనా? అప్పుడప్పుడు పట్టు మీద అల పరుగెత్తినట్టు కనిపిస్తుంది, అదేమిటి? రాణిని చంపితే మిగతావి పోతాయని వాచ్‌మన్ అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ వర్ణనను బట్టి అవి కొండ తేనెటీగలు, శాస్త్రజ్ఞులు ఏపిస్ డార్సేటా అంటారు. పెట్టెల్లో పెంచే ఈగలు చీకటిలో వరుసగా అనేక పట్లు కడితే, ఇవి ఎత్తయిన కొమ్మకో కొండచరియకో, మన నగరంలోనైతే వాటర్ ట్యాంకుకో సజ్జకో ఆరుబయట ఒకే ఒక పట్టు కడతాయి. మీకు పైకి కనిపించేది పట్టు కాదు, దాన్ని కప్పి పొరలు పొరలుగా వేలాడే ఈగలే. లోపలి పిల్లపురుగులకు ఎండా చలీ తగలకుండా కాపాడేది ఆ తెరే. కందిరీగ సమీపించినప్పుడు తెరలోని ఈగలు ఒకదాని వెంట ఒకటి పొట్టను పైకి విదిలిస్తాయి. ఆ కదలిక క్షణంలో పట్టంతా పాకి శత్రువును బెదరగొడుతుంది. మీరు చూసిన అల అదే.

ఇక పాత ఈగల సంగతి. కూలీ ఈగ ఆయుష్షు సాధారణంగా కొన్ని వారాలే. అది మొదట గదులు శుభ్రం చేసి, పిల్లపురుగులకు మేత పెట్టి, తర్వాత మైనం స్రవించి, చివరి రోజుల్లో మకరందానికీ పుప్పొడికీ బయట తిరిగి రాలిపోతుంది. కనుక నిరుడు మీ సజ్జను వదిలి వెళ్లిన కూలీ ఈగ ఈ ఏడు తిరిగి రావడం జరిగే పని కాదు. రాణి మాత్రం ఏళ్ల తరబడి బతకగలదు. అస్సాంలో జన్యు పరీక్షలు చేసి 2000లో ప్రచురించిన పరిశోధనలో, నెలల తర్వాత కొన్ని గుంపులు పాత చోటికే తిరిగి వచ్చినట్లు తేలింది. పూత తగ్గినప్పుడు రాణి గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది, ఉన్న పిల్లలు ఈగలై బయటపడతాయి, ఆ తర్వాత గుంపు మైనాన్ని అక్కడే వదిలి పూలున్న చోటికి వలస పోతుంది. ఈ జాతి వంద కిలోమీటర్లకు మించి వలస వెళ్లడం తెలిసిన విషయమే.

వాచ్‌మన్ మాట వినవద్దు. రాణి అన్న పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. ఆమె ఆజ్ఞాపించదు, గుడ్లు పెడుతుంది. ఆమె పోతే కూలీ ఈగలు లేత పిల్లపురుగులను ఎంచుకుని, వాటికి పెద్ద గదులు కట్టి, ఆసాంతం రాయల్ జెల్లీయే (కూలీ ఈగలు తలలోని గ్రంథుల నుంచి స్రవించే మేత) మేపి కొత్త రాణిని తయారు చేసుకోగలవు. రాణి అయినా కూలీ అయినా మొదలు ఒకే రకం గుడ్డు, తేడా అంతా మేతలోనే ఉంది. పైగా రాణిని వెతకాలంటే తెరను కదిలించక తప్పదు. ఒక్క ఈగ కుట్టగానే కొండి దగ్గర అరటిపండు వాసన గల రసాయనం వెలువడి మిగతావాటిని అక్కడికే రప్పిస్తుంది. పొగ, మంట, రాళ్ల జోలికి పోకుండా, ఆ వైపు కిటికీలు మూసి, రాత్రి దీపాలు ఆర్పి ఉంచండి. ఈ ఈగలు వెలుతురుకు ఆకర్షితమవుతాయి.

ప్రశ్న: మగ తేనెటీగకు తండ్రి ఉండడంటారు, నిజమేనా?
– ఇంటర్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నిజమే. ఫలదీకరణ చెందని గుడ్డు నుంచి మగ ఈగ, చెందిన గుడ్డు నుంచి ఆడ ఈగ పుడతాయి. సైలీసియాకు (ఇప్పుడు ఎక్కువ భాగం పోలండ్‌లో ఉన్న ప్రాంతం) చెందిన పాదిరీ యాన్ జియెర్జోన్ 1845లో ఈ మాట చెప్పినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. మగ ఈగకు తల్లి నుంచి వచ్చిన క్రోమోజోములు మాత్రమే ఉంటాయి, అంటే ఆడ ఈగకు ఉండేవాటిలో సగమే. తండ్రి లేకపోయినా తాత ఉంటాడు, ఎందుకంటే తల్లి అయిన రాణి ఫలదీకరణ చెందిన గుడ్డు నుంచే పుట్టింది.