కొల్వేజీ వెళ్తున్న మేనల్లుడికి

వంశీ, ఆఫర్ లెటర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. కాంగో అనగానే యూట్యూబ్‌లో గోమా కాల్పులు చూసి ఒకటే టెన్షన్ పడుతోంది. ముందు మ్యాపు తీసి అక్కకి చూపించు. 2025 జనవరిలో ఎం23 తిరుగుబాటుదారులు పట్టుకున్న గోమా తూర్పున రువాండా సరిహద్దులో ఉంది, నువ్వెళ్లే కొల్వేజీ దక్షిణాన జాంబియా వైపు, చాలా దూరం. అలాగని గని ఉద్యోగానికి రాజకీయం అంటదనుకోకు.

1960 జూన్ 30న బెల్జియం నుంచి స్వాతంత్ర్యం వచ్చి రెండు వారాలు కాకముందే రాగి గనులున్న కటంగా, అంటే నీ కొల్వేజీ ఉన్న ప్రాంతం, విడిపోయింది. ముందు నిలబడింది అక్కడి నాయకుడు చోంబే, వెనక నిలబడింది బెల్జియం, యూనియన్ మినియేర్ అనే గనుల కంపెనీ. దేశపు మొదటి ప్రధాని లుముంబాని ఆ మరుసటి ఏడాది జనవరిలో కాల్చి చంపింది కూడా ఇప్పటి లుబుంబాషీ దగ్గరే, ఆయన దంతం ఒకటి మిగిలితే దాన్ని బెల్జియం తిరిగిచ్చింది 2022లో. తర్వాత అమెరికా అండతో నియంత మొబుటు 32 ఏళ్లు ఏలాడు. ఇప్పుడు పెద్ద గనులు ఎక్కువగా చైనా కంపెనీల చేతిలో ఉన్నాయి.

అందుకే మెస్సులో మనవాళ్లెవరైనా "వీళ్లకి పాలించుకోవడం చేతకాదు" అంటే తలూపకు. కొల్వేజీ దగ్గర ఖనిజం కొనే బజారు ముసొంపో, అటువైపు ఒకసారి వెళ్లి చూడు. మట్టి కొట్టుకుపోయిన కుర్రాళ్లు బస్తాలు దించుతారు, కొనేవాడు చేతిమిషన్ ఆనించి అందులో లోహం ఎంత శాతమో చెప్తాడు, ఆ మిషన్ మీద వాళ్లకి నమ్మకం లేదు, కానీ ఇచ్చింది పుచ్చుకుని పోవాలి. బ్యాటరీల్లో వాడే కోబాల్ట్ ఉందే, ప్రపంచం మొత్తంలో దాదాపు 70 శాతం ఈ దేశంలోనే తవ్వుతారంటే నమ్ముతావా! ఫోటోలు మాత్రం తీయకు, వంతెనలు, సైనికులు, ఆఫీసులు అసలే వద్దు.

జీతం అంతా ఈఎంఐలకి రాసేయకు. ధర పడిపోయిందని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం కోబాల్ట్ ఎగుమతే ఆపేసింది, అలాంటప్పుడు ముందు కోత పడేది మనలాంటి బయటివాళ్లకే. ఎన్నికలప్పుడు నెట్ పోవచ్చు, 2018 పోలింగ్ అయ్యాక దాదాపు మూడు వారాలు కట్ చేశారు, కాబట్టి పాస్‌పోర్టు, వీసా కాపీలు, ఫోన్ నంబర్లు కాగితం మీద ఉంచుకో. ఎల్లో ఫీవర్ కార్డు మర్చిపోతే ఎయిర్‌పోర్టులోనే తంటా. డాలర్లు తీసుకునేటప్పుడు ఒక్కో నోటూ వెలుతురులో చూసుకో, అంచు కొంచెం చిరిగినా అక్కడ ఎవడూ తీసుకోడు.

ఫ్రెంచ్ ఇవాళే మొదలుపెట్టు.

మీ మావయ్య